విప్పే విద్య

లోహపు ముక్కలు రెండింటిని కలిపే పద్ధతులన్నింటినీ ఒకచోట చేర్చి చూస్తే అవి రెండు తెగలుగా విడిపోతాయి. రివిట్ కొట్టడం, వెల్డింగ్ చేయడం, రెండూ ఒకే ముక్కగా పోత పోయడం మొదటి తెగ. అలా కలిసినవాటిని విడదీయాలంటే కోయాలి, పగలగొట్టాలి, లేదా కరిగించాలి. మరలు కోసిన బోల్టుతో బిగించడం రెండో తెగ. ఇక్కడ బిగించేవాడు ఎంత గట్టిగా బిగించినా ఒకనాడు దాన్ని మళ్లీ విప్పవలసి వస్తుందని ముందే ఒప్పుకొని బిగిస్తాడు. ఇంజన్ ఈ రెండో తెగను నమ్ముకున్న యంత్రం. లోపల నిప్పు మండుతూ, రింగులు అరుగుతూ, వాల్వులు కాలుతూ ఉండే యంత్రాన్ని తెరవడానికి వీల్లేని పెట్టెగా తయారుచేస్తే మొదటి మరమ్మతు అవసరమైన నాడే అది తుక్కు అవుతుంది గనుక, పైన ఉండే హెడ్డు మొదలుకొని అడుగున ఉండే నూనె తొట్టి దాకా ప్రతి భాగాన్నీ బోల్టులే పట్టి ఉంచుతాయి. అందువల్ల ఒక బోల్టు తల తెగిపోయి కాడ లోపలే ఇరుక్కున్నప్పుడు జరిగిన నష్టాన్ని ఆ ఇనుప ముక్క ఖరీదుతో కొలవడం కుదరదు. ఆ యంత్రాన్ని తెరిచి బాగుచేసుకునే దారే అక్కడ మూసుకుపోతుంది. ఇరుక్కున్న కాడను, చుట్టూ ఉన్న పోత భాగానికి దెబ్బ తగలకుండా బయటికి తీయడం బిగించడం కన్నా పెద్ద విద్య అనీ, దానికి దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విప్పుకునే ఈ సౌకర్యం యంత్రాలతోపాటే పుట్టినది కాదు. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే మరలు కోసే లేతును ఒక క్రమానికి తెచ్చేదాకా బోల్టులు దేనికదే ప్రత్యేకం. ఒక బోల్టుకు చేసిన నట్టు పక్క బోల్టుకు పట్టకపోవడం మామూలు సంగతి కనుక, యంత్రం విప్పినవాడు ఏ నట్టు ఏ బోల్టుదో గుర్తు పెట్టుకొని దాచవలసి వచ్చేది. మాడ్స్‌లే దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరల కోణం 55 డిగ్రీలు ఉండాలనీ, ఏ మందం బోల్టుకు అంగుళానికి ఎన్ని చుట్లు ఉండాలో ముందే నిర్ణయించాలనీ ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణాన్ని సూచించాడు. ఇవాళ మన ట్రాక్టర్లలో కనిపించే మెట్రిక్ మరల కోణం కూడా అదే. ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరాన్ని పిచ్ అంటారు, పది మిల్లీమీటర్ల మామూలు బోల్టుకు అది ఒకటిన్నర మిల్లీమీటరు. లూధియానాలో చేసిన బోల్టు మరెక్కడో పోత పోసిన ఇంజన్‌లో జైనూర్ మెకానిక్ షెడ్డు దగ్గర సరిగ్గా పట్టడం వెనుక ఇంత చరిత్ర ఉంది.

జైనూర్ 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్న మండల కేంద్రం. ఒకవైపు ఉట్నూరు దారి, మరొకవైపు కెరమెరి ఘాట్ మీదుగా ఆసిఫాబాద్ దారి, మధ్యలో గోండు, కొలాం గూడేలు, పత్తి, కంది, సోయా, జొన్న పండే చేలు. ఈ చేలను దున్నే ట్రాక్టర్లు, వాగుల ఒడ్డున నీళ్లు తోడే డీజిల్ ఇంజన్లు, ఘాట్ ఎక్కి దిగే జీపులు, ఆటోలు అన్నీ ఇనుముకు కష్టమైన బతుకే బతుకుతాయి. తెలంగాణలో వానలు ఎక్కువగా పడే ప్రాంతాల్లో ఇది ఒకటి. ఎండాకాలంలో ఉష్ణోగ్రత నలభై అయిదు డిగ్రీల దాకా ఎక్కుతుంది, చలికాలపు తెల్లవారుజాముల్లో ఒక్కోసారి అయిదు డిగ్రీల కిందికి దిగుతుంది. పైగా వ్యవసాయపు యంత్రం ఏడాది పొడుగునా తిరగదు. తిరుగుతున్న ఇంజన్ తన వేడితో తనలోని తేమను ఆరబెట్టుకుంటుంది. పంట చేతికొచ్చాక కొట్టం కింద నెలల తరబడి ఊరికే నిలబడిన ఇంజన్‌కే, ముఖ్యంగా పొగగొట్టం దగ్గరి బోల్టులకు, ఇక్కడివాళ్లు జంగు అని పిలిచే తుప్పు లోతుగా పట్టుకుంటుంది. మళ్లీ తొలకరి ముందు దాన్ని విప్పబోయిన రోజున పానాకు బోల్టు తల మాత్రమే తిరిగి చేతికి వస్తుంది.

ఆ కాడ లోపల ఏం జరిగిందో తెలియాలంటే బోల్టు ఎలా పనిచేస్తుందో తెలియాలి. చూసేవారికి బోల్టు ఒక మేకులా కదలకుండా నిలబడి భాగాలను పట్టుకున్నట్టు అనిపిస్తుంది గాని, నిజానికి అది సాగదీసిన స్ప్రింగు. పానాతో తిప్పినకొద్దీ తల కిందికి దిగాలని చూస్తుంది, కింద భాగం అడ్డుపడుతుంది, ఆ రెండింటి నడుమ కాడ కంటికి కనిపించనంత సాగుతుంది. సాగిన కాడ తిరిగి కురచ కావాలని లాగే బలమే రెండు భాగాలనూ అదిమి పట్టేది. తల మీద 8.8 అని ముద్ర ఉన్న పది మిల్లీమీటర్ల బోల్టును సరైన మేరకు బిగిస్తే ఆ ఒక్క కాడ సుమారు రెండున్నర టన్నుల బలంతో లాగుతూ ఉంటుంది. ఆ ముద్రలోని మొదటి అంకె, చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్ల లాగుడు దాకా ఆ ఉక్కు తెగదని చెబుతుంది. రెండో అంకె, అందులో 80 శాతం దాకా లాగినా వదిలితే మళ్లీ మునుపటి పొడవుకు వస్తుందని చెబుతుంది. చేతి బలంలో అధిక భాగం ఈ సాగదీతకు పోదన్నది కూడా తెలుసుకోవలసిన విషయం. తిప్పే బలంలో దాదాపు సగం తల కింది రాపిడికి, మరో నలభై శాతం మరల మధ్య రాపిడికి ఖర్చయి, పదో వంతు మాత్రమే కాడను సాగదీస్తుంది. మరల్లో జంగు పట్టి రాపిడి పెరిగిందంటే చెయ్యి పెట్టే బలమంతా కాడను మెలిపెట్టడానికే పోతుంది.

కాడ ఎక్కడ తెగుతుందన్నదీ యాదృచ్ఛికం కాదు. బోల్టు మరలు, షెడ్డుల్లో చూడీలు అని పిలిచేవి, ఎన్ని లోపలికి దిగినా భారాన్ని సమానంగా పంచుకోవు. లోపలికి దిగిన మొదటి చుట్టే మొత్తం భారంలో దాదాపు మూడో వంతు మోస్తుంది, ఆ తరువాతి చుట్లకు క్రమంగా తగ్గుతుంది. మర అడుగున ఉండే సన్నని గాడి దగ్గర బలం గుమిగూడుతుంది కనుక, ఎక్కువ బోల్టులు సరిగ్గా ఆ మొదటి చుట్టు దగ్గరే, అంటే పోత భాగం పైతలానికి సమంగానో కాస్త లోపలో తెగుతాయి. పట్టుకోవడానికి ఏమీ మిగలకుండా తెగడం మెకానిక్ దురదృష్టమని అనుకోవడం పరిపాటి. బోల్టు నిర్మాణంలోనే ఆ చోటు నిర్ణయమై ఉంది.

ఇక పట్టు సంగతి. ఇనుము జంగుగా మారినప్పుడు మునుపటి కన్నా రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. వానకు ఉబ్బిన తలుపు చట్రంలో బిగుసుకున్నట్టు, ఆ జంగు మరల మధ్య ఉన్న కొద్దిపాటి సందును నింపి రెండు వైపులా ఒత్తుతుంది. అల్యూమినియం హెడ్డులో ఉక్కు బోల్టు ఉన్నచోట ఇబ్బంది మరో రకం: రెండు వేర్వేరు లోహాల మధ్య తడి చేరితే అక్కడ ఒక చిన్న విద్యుత్ ఘటం ఏర్పడి, అల్యూమినియం తనను తాను అర్పించుకుంటూ తెల్లని పొడిగా మారి మరల్లో గట్టిపడుతుంది. పొగగొట్టాన్ని పట్టే స్టడ్డులకు వేడి కూడా తోడవుతుంది. స్టడ్డు అంటే రెండు చివరలా మరలుండి, ఒక చివర పోత భాగంలో శాశ్వతంగా ఉండిపోయే తల లేని బోల్టు. రోజూ తీవ్రంగా కాగి, చల్లారి, మళ్లీ కాగే ఆ స్టడ్డు కొన్నేళ్లకు పొలుసులు రాలి సన్నబడుతుంది.

ఇక్కడ సాధారణంగా ఎవరూ ఆగి ఆలోచించని ఒక విషయం ఉంది. తల తెగిన క్షణాన బోల్టులోని సాగదీత మాయమవుతుంది. టన్నుల కొద్దీ లాగుడుతో మరలను ఒకదానికొకటి అదిమిన బలం ఇక లేదు. తల కింది రాపిడీ లేదు. మిగిలిన కాడను ఇప్పుడు పట్టి ఉంచుతున్నది జంగు ఒక్కటే, జంగు కూడా లేకపోతే ఏదీ పట్టి ఉంచడం లేదు. అనుభవం లేనివారు తెగిన ముక్కను చూసి ఇక ఇది ఏనాటికీ రాదని బెంబేలు పడి పెద్ద సుత్తి అందుకుంటారు. తెలిసినవారు మాత్రం అది తెగక ముందు కన్నా తెగిన తరువాతే తక్కువ బిగువుతో ఉందని గ్రహించి, ముందుగా అది ఏ కారణంగా తెగిందో తెలుసుకోవడానికి తెగిన ముఖం చూస్తారు.

ఆ ముఖాన్ని గుడ్డతో తుడిచి టార్చిలైటు ఏటవాలుగా పట్టి చూస్తే చాలా సంగతులు చదువుకోవచ్చు. తెగిన తలం ఒక పక్క నునుపుగా, నల్లబడి, ఒక అంచు నుంచి మొదలై వరుసగా పెద్దవవుతున్న వంపు గీతలతో ఉండి, మరో పక్క కొద్ది భాగం మాత్రం గరుకుగా, తాజాగా మెరుస్తూ ఉంటే, ఆ బోల్టు ఒక్క రోజులో తెగలేదు. ఎన్నడో వదులై, ఇంజన్ అదురుకు అటూ ఇటూ వంగి వంగి, వెంట్రుక వాసి పగులు నెలల తరబడి లోపలికి పాకి, చివరికి మిగిలిన కొద్ది లోహం భారం ఆపలేక తెగింది. దీన్ని లోహపు అలసట అంటారు. ఇలా తెగిన కాడ చాలాసార్లు సన్నని ఉలి మొనతో పక్కకు తోస్తూ పోతే వేలితో తిప్పినంత తేలికగా వచ్చేస్తుంది, ఎందుకంటే మొదటి తప్పే వదులుతనం. తలమంతా ఒకే రంగులో మెలి తిరిగిన చారలతో ఉండి, దాని కింది మరలు కాస్త సాగి దూరం దూరంగా కనిపిస్తే అతిగా బిగించడం వల్ల తెగింది. ఇందులోనూ జంగు లేదు కనుక తీయడం అంత కష్టం కాదు. మరల అంచుల వెంట ఎర్రని పొడి ఉండి, మధ్యలో మెలిక గుర్తు ఉంటే అది విప్పేటప్పుడు తెగినది, ఓపిక కావలసింది దానికే. కారణం తెలుసుకోకుండా డ్రిల్లు అందుకోవడం రోగం కనుక్కోక ముందే కత్తి పట్టడం కిందికి వస్తుంది. షెడ్డుల్లో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క నిమిషపు పరిశీలన లేకపోవడం వల్ల జరిగేవే.

జంగు పట్టిన కాడకు మొదటి మందు నూనె. జంగు గట్టిగా కనిపించినా లోపల గుల్లగా ఉంటుంది, పల్చని నూనె ఆ సన్నని రంధ్రాల వెంట తనంతట తానే పాకుతుంది. దుకాణంలో దొరికే స్ప్రే డబ్బాలు రాక ముందు నుంచీ తెలంగాణ ఊళ్లలో గ్యాస్ నూనె అని పిలిచే కిరోసిన్‌ను, లేదా డీజిల్‌ను ఇందుకు వాడుతున్నారు. నూనె పోసి వెంటనే తిప్పితే ఫలితం ఉండదు. రాత్రంతా నాననిచ్చి, మధ్య మధ్య కాడ తలం మీద చిన్న సుత్తితో బలంగా కాక వడిగా తడుతూ ఉంటే, ఆ అదురుకు జంగు పొరలో పగుళ్లు ఏర్పడి నూనె ఇంకా లోపలికి దిగుతుంది. కాడ పైకి కొంత మిగిలి ఉంటే గ్రిప్ ప్లయర్‌తో పట్టి, విప్పే వైపుకే కాకుండా బిగించే వైపుకు కూడా కొద్దికొద్దిగా కదపడం మంచి పద్ధతి. ఏ వైపుకైనా మొదటిసారి కదిలిందంటే జంగు పట్టు విడిపోయినట్టే. ఆ తరువాత బిగించే వైపుకు ఒక పావు చుట్టు, విప్పే వైపుకు అర చుట్టు చొప్పున పొడిని నలుపుతూ నలుపుతూ కాడను బయటికి రప్పించాలి.

నూనెకు లొంగనిదానికి వేడి. ఉక్కు కన్నా అల్యూమినియం దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. పది మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న అల్యూమినియం హెడ్డును నూట యాభై డిగ్రీలు వేడెక్కిస్తే, అందులోని ఉక్కు కాడ కన్నా రంధ్రం మిల్లీమీటరులో అరవయ్యో వంతు ఎక్కువ వెడల్పవుతుంది. అంత తక్కువ తేడాయే పట్టు విడిపించడానికి చాలు. అయితే అల్యూమినియం కరగడానికి ముందు ఎర్రబడి హెచ్చరించదు, గ్యాస్ మంట ఒకచోట నిలిపితే హెడ్డు వంకర పోతుంది. పోత ఇనుము బ్లాకు ఎర్రబడుతుంది గాని, ఒక పక్క కాగి మరో పక్క చల్లగా ఉంటే ఫెళ్లున పగులుతుంది. అందుకే మంటను తిప్పుతూ వెడల్పుగా కాచి, వేడి తగ్గుతున్నప్పుడు కాడ అంచున మైనం ముక్క ఆనించడం పాతకాలపు నేర్పరుల పద్ధతి. కరిగిన మైనం మరల వెంట లోపలికి పాకిపోతుంది, చల్లారాక జారుడు పూతగా మిగులుతుంది.

మైనానికీ లోహానికీ ఉన్న పొందిక జైనూర్ మండలానికి కొత్తది కాదు. ఇదే మండలంలోని ఉషేగాంలో ఓజ కళాకారులు డోక్రా పద్ధతిలో ఇత్తడి బొమ్మలు, గంటలు, గోండుల దేవతా ప్రతిమలు పోత పోస్తారు. మట్టి అచ్చు మీద మైనపు తీగలతో బొమ్మను అల్లి, మళ్లీ మట్టి మెత్తి, కాల్చినప్పుడు మైనం కరిగి ఖాళీ చేసిన చోటును కరిగిన ఇత్తడితో నింపుతారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఓజ పనివాడికీ, షెడ్డులోని ఉస్తాదుకూ చదువు వేరు, వినియోగదారు వేరు. అయినా లోహం వేడికి ఎంత ఉబ్బుతుందో, చల్లారితే ఎంత ముడుచుకుంటుందో, ఏ క్షణాన చెయ్యి వేయాలో ఇద్దరికీ చేతి వేళ్లలోనే ఉంటుంది. ఒకరి పనిని కళ అనీ మరొకరి పనిని రిపేరు అనీ విడదీసే అలవాటును పునరాలోచించవలసి ఉంది.

ఊళ్లలోని షెడ్డుల్లో అన్నింటికన్నా ఎక్కువగా నెగ్గే పద్ధతి నట్టు అతికించి తీయడం. కాడ మందానికి సరిపోయే రంధ్రం ఉన్న నట్టును దాని మీద నిలిపి, నట్టు రంధ్రంలోంచి వెల్డింగ్ రాడ్డును దించి, ముందు కాడ మధ్యలో నిప్పు పుట్టించి, అక్కడి నుంచి చుట్టూ లోహాన్ని నింపుకుంటూ నట్టు గోడలకు చేరుస్తారు. కాడ లోతుగా తెగి ఉంటే ముందు కొద్దికొద్దిగా లోహం పేర్చి దాన్ని పైతలానికి తెచ్చాకే నట్టు పెట్టాలి. పోత ఇనుముకు రాడ్డు తగలకుండా నడుమ ఒక వాషర్ ఉంచాలి. అల్యూమినియానికి ఉక్కు వెల్డింగ్ అంటుకోదు కనుక అక్కడ ఆ భయం తక్కువ. ఈ పద్ధతి గొప్పతనం కొత్త తల దొరకడంతో ఆగదు. వెల్డింగ్ వేడికి ఎర్రబడిన కాడ ఉబ్బబోతుంది, చుట్టూ ఉన్న చల్లని లోహం ఉబ్బనివ్వదు, మెత్తబడిన కాడ తనలో తానే నలిగి, చల్లారినప్పుడు మునుపటి కన్నా వెంట్రుక వాసి సన్నబడుతుంది. జంగు పొర అక్కడే చిట్లుతుంది. అందుకే వెల్డింగ్ అయిన వెంటనే పానా వేయకూడదు. ఎరుపు పూర్తిగా పోయి, నట్టు మీద వేసిన నూనె చుక్క చుర్రుమనకుండా పొగ మాత్రమే వచ్చే దాకా ఆగి, అప్పుడు మెల్లగా రెండు వైపులా కదపాలి. మొదటి నట్టు ఊడిపోతే రెండోది, రెండోది ఊడితే మూడోది అతికించాలి. ఊడిన ప్రతిసారీ కాడ ఒకసారి కాగి చల్లారింది కనుక ఆ శ్రమ వృథా పోలేదు.

నట్టు పట్టనప్పుడే డ్రిల్లు. ఇక్కడ పనంతా మొదటి చుక్కలో ఉంది. తెగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది, డ్రిల్లు మొన పల్లం వైపు జారుతుంది. కాడ కన్నా చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్తన కనుక ఒకసారి పక్కకు తిరిగిందంటే బిట్టు మెత్తని దారినే పట్టి హెడ్డును తినేస్తుంది. అందుకని ముందు ముఖాన్ని చదును చేసి, మధ్య బిందువును రెండు మూడు దిక్కుల నుంచి చూసి గుర్తించి, సెంటర్ పంచ్ పెట్టి తేలికగా ఒక దెబ్బ కొట్టి, చూసి, పక్కకు పడితే పంచ్‌ను వాల్చి చుక్కను మధ్యకు జరిపి, అప్పుడే గట్టి దెబ్బ కొట్టాలి. తరువాత సన్నని బిట్టుతో మొదలుపెట్టి క్రమంగా పెద్దవి వాడుతూ పోవాలి. ఎడమ వైపుకు తిరిగే బిట్టు దొరికితే మరీ మంచిది, కోస్తూ కోస్తూ అది కాడను విప్పే దిశలోనే తిప్పుతుంది, పలుమార్లు సగం రంధ్రం పడేసరికే కాడ బిట్టుతోపాటు పైకి వస్తుంది. పది మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టుకు మర గాళ్ల అడుగు దాకా, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల దాకా సరిగ్గా మధ్యలో తొలిస్తే, మిగిలేది మరల గాళ్లలో చుట్టుకున్న సన్నని తీగ. దాన్ని ముక్కుపట్టకారుతో లాగి, మరలు కోసే ట్యాప్‌తో గాళ్లు శుభ్రం చేస్తే పాత మరలు పాతవిగానే మిగులుతాయి.

ఈజీ అవుట్ అనే పేరుతో అమ్మే పనిముట్టు గురించి మాత్రం గట్టిగా హెచ్చరించవలసి ఉంది. అది మొన సన్నగా, మొదలు లావుగా, ఎడమ మెలికలతో ఉండే గట్టి ఉక్కు కడ్డీ; కాడలో రంధ్రం చేసి దీన్ని దింపి ఎడమకు తిప్పితే కొరుక్కుని కాడను బయటికి తెస్తుందని నమ్మకం. లెక్క చూస్తే ఆ నమ్మకం నిలబడదు. మెలిని తట్టుకునే శక్తి మందపు ఘనాన్ని బట్టి ఉంటుంది కనుక, ఒకే లోహమైతే సగం మందం ఉన్న కడ్డీకి ఎనిమిదో వంతు శక్తే ఉంటుంది. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టునే తెంపిన పట్టును నాలుగు మిల్లీమీటర్ల పనిముట్టు విడిపించాలని కోరడం న్యాయం కాదు. అది చాలనట్టు, లోపలికి దిగినకొద్దీ గుల్లయిన కాడను వెడల్పు చేసి మరలకు మరింత అదుముతుంది. గట్టి ఉక్కుకు పెళుసుతనం తప్పదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కమ్మరులు ఒకప్పుడు మూసల్లో కాచి చేయగా పర్షియా దాకా ఎగుమతైన ఉక్కులో కూడా కర్బనం ఎక్కువ, దానివల్ల పదునూ ఎక్కువే, సరైన వేడిలో సుతారంగా సాగగొట్టకపోతే పగిలే గుణమూ ఎక్కువే. ఈజీ అవుట్ లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని తాకలేదు. వదులుగా ఉన్న కాడకు అది పనికొస్తుంది, జంగు పట్టినదానికి మాత్రం చివరి ఆయుధంగా కూడా తగదు.

అలా విరిగినదాన్ని తీయడానికి విద్యుత్ స్ఫులింగంతో లోహాన్ని కణం కణంగా తినిపించే యంత్రాలు నగరాల్లో ఉన్నాయి. ఈ పద్ధతి పుట్టుకకూ ఇరుక్కున్న ముక్కలకూ దగ్గరి సంబంధం ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో హెరాల్డ్ స్టార్క్, విక్టర్ హార్డింగ్, జాక్ బీవర్ అనే ఇంజనీర్లు అల్యూమినియం పోత భాగాల్లో విరిగిన ట్యాపులు, డ్రిల్లు బిట్లు తీయడానికే స్ఫులింగాన్ని వాడే యంత్రం తయారుచేశారు. అదే కాలంలో, 1943లో, సోవియట్ శాస్త్రవేత్తలు బోరిస్, నతాల్యా లజరెంకో దంపతులు విద్యుత్ కాంటాక్టులు అరిగిపోవడాన్ని పరిశోధిస్తూ ఆ అరుగుదలనే పనిముట్టుగా మలచవచ్చని కనుగొన్నారు. విమాన భాగాల నుంచి అచ్చుల దాకా ఇవాళ పరిశ్రమ అంతటా వ్యాపించిన ఒక తయారీ విధానానికి, లోపల విరిగిన ముక్కను తీయలేక పడిన ఇబ్బంది ఒక మూలం కావడం, విప్పే విద్యను చిన్నచూపు చూసేవారు గుర్తుంచుకోవలసిన విషయం.

మరలు చెడినా అంతా పోయినట్టు కాదు. రంధ్రాన్ని కొంత పెద్దదిగా తొలిచి, కొత్త మరలు కోసి, హెలికాయిల్ అనే స్టెయిన్‌లెస్ ఉక్కు తీగ చుట్టను అందులో దింపితే, దాని లోపలి వైపు పాత కొలత మరలే దొరుకుతాయి. అల్యూమినియంలో ఈ తీగ మరలు అసలు మరల కన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి కూడా. ఎక్కడ ఆపాలో తెలియడం దీనికన్నా కష్టం. బోల్టు ధర పదుల్లో, హెడ్డు ధర వేలల్లో ఉన్నప్పుడు కాడను ఎంతైనా పాడుచేయవచ్చు, హెడ్డును గీరడానికి కూడా వీల్లేదు. చెయ్యి అలసి, కోపం వచ్చి, పొద్దుగూకే వేళకు ఎలాగైనా ముగించాలన్న పంతం పుట్టినప్పుడే చాలా హెడ్డులు పాడవుతాయి. తన దగ్గర ఉన్న పనిముట్లతో ఇక కాదని ఒప్పుకొని, భాగాన్ని విప్పి మంచి లేత్ మిషన్ ఉన్న ఊరికి పంపే మెకానిక్ ఓడిపోయినవాడు కాదు, రైతు సొమ్ము కాపాడినవాడు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు గురించి కమిటీ వేసినప్పుడు మొదట పరిశీలించిన రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఉన్నాయి. విడిభాగాలు, మాన్యువళ్లు అందుబాటులో ఉండడం ఆ హక్కులో ఒక సగమైతే, యంత్రాన్ని చెడగొట్టకుండా తెరవగల చేతులు మండల కేంద్రాల్లో ఉండడం రెండో సగం. ఆ రెండో సగం గురించి చర్చ చాలా తక్కువగా జరుగుతోంది, ఆ చేతులకు ధ్రువపత్రమూ ఉండడం లేదు.

కాడ బయటికి వచ్చాక మిగిలే పని చిన్నదే గాని నిర్లక్ష్యం చేయదగినది కాదు. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె గాని నీళ్లు గాని నిలిచి ఉండగా బోల్టు బిగిస్తే, ద్రవం నలగదు కనుక ఆ ఒత్తిడికి బ్లాకే పగలవచ్చు. అందుకని రంధ్రాన్ని గుడ్డతో, గాలితో పూర్తిగా ఆరబెట్టాలి. పాత బోల్టులు ఎంత బాగున్నట్టు కనిపించినా, పక్కది అలసటతో తెగి ఉంటే మిగిలినవీ అదే అదురును అన్నాళ్లూ మోశాయి కనుక జతగా మార్చడం మేలు. పొగగొట్టం స్టడ్డులకు రాగి పొడి కలిసిన గ్రీజు పూయాలి, వేడికి మామూలు గ్రీజు మాడిపోతుంది. గ్రీజు రాపిడిని తగ్గిస్తుంది, అంటే అదే చేతి బలానికి కాడ ఎక్కువ సాగుతుంది, కనుక పొడి బోల్టుకు చెప్పిన టార్క్ (తిప్పే బలం) కన్నా కొంత తగ్గించి బిగించాలి. కొత్త బోల్టును మొదటి నాలుగు చుట్లు పానా లేకుండా వేళ్లతోనే తిప్పాలి. వేళ్లకు రాకుండా మొరాయించిందంటే మర పక్క గాడిలో ఎక్కిందని అర్థం, అక్కడే ఆపి వెనక్కు తీసి మళ్లీ మొదలుపెట్టాలి.